నాగజెముడు తినాలంటే: మొక్కని గుర్తుపట్టడం దగ్గర్నుంచి జ్యూస్ సీసాలో నింపేదాకా

నాగజెముడు పండుని మొదటిసారి చేత్తో పట్టుకున్నప్పుడు నాకు పైన ఒక్క ముల్లు కూడా కనపడలేదు. నున్నగా ఉంది కదా అని ధైర్యంగా పట్టుకున్నాను, ఆ తర్వాత మూడు రోజులు ఏది ముట్టుకున్నా వేళ్ళు చురుక్కుమంటూనే ఉన్నాయి. పెద్ద ముల్లు కంటికి కనపడుతుంది కాబట్టి దాన్నుంచి మనమే తప్పుకుంటాం, ఇబ్బందంతా కనపడని నూగు ముల్లుతోనే. ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. కాక్టస్ గురించి రెండే రకాల మాటలు వినిపిస్తాయి. కొందరికి అది నరికి పారేయాల్సిన కంప, ఇంకొందరికి షుగర్, కొవ్వు, బరువు అన్నీ ఒక్క దెబ్బతో తగ్గించే అద్భుతమైన మందు. నా దృష్టిలో రెండూ తప్పే. అది ఒక కూరగాయ, ఒక పండు. అలా చూసి వండుకున్నవాళ్ళకి దాని మేలు హాయిగా దక్కుతుంది. దానికి మూడు విషయాలు గట్టిగా తెలిసుంటే చాలు: మొక్కని గుర్తుపట్టడం, నూగు ముళ్ళు వదిలించడం, జ్యూస్ నిల్వ చేసేటప్పుడు పులుపు సరిచూసుకోవడం. మిగతాదంతా మామూలు వంటే.

మొదటి అడుగు: జెముడు అన్నదల్లా కాక్టస్ కాదు

ఈ ఒక్క భాగం మాత్రం తొందరపడకుండా చదవండి. మన భాషలో జెముడు అనే పేరు చాలా మొక్కలకుంది. నాగజెముడు నిజంగా కాక్టస్. కానీ బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనేవి కాక్టస్ కుటుంబానికి చెందినవే కావు, అవి యూఫోర్బియా జాతులు. చూడ్డానికి కొన్ని అచ్చం కాక్టస్ లాగే ఉంటాయి గానీ గిల్లితే తెల్లటి పాలు కారతాయి, ఆ పాలు విషం. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది, కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు. బ్రహ్మజెముడు అనే పేరుని కొందరు దీనికీ కొందరు దానికీ వాడుతుంటారు కాబట్టి పేరుని నమ్ముకుని ఏదీ తినకండి, మొక్కని చూసి నిర్ణయించుకోండి.

ఎలా చూడాలంటే, కాక్టస్ ఒంటి మీద చిన్న చిన్న దూది గుండీల్లాంటి కళ్ళు ఉంటాయి. ముళ్ళు, పూలు, కొత్త కొమ్మలు అన్నీ ఆ కళ్ళల్లోంచే పుడతాయి. ఈ కళ్ళు కాక్టస్ కుటుంబానికే సొంతం, యూఫోర్బియాకి ఉండవు, దాని ముళ్ళు తరచూ జంటగా నేరుగా కాండం మీంచే వస్తాయి. ఇక పాల సంగతి. నాగజెముడు కోస్తే నీళ్ళలాంటి జిగురు వస్తుంది, తెల్లటి పాలు రావు. పాలు కనపడ్డాయా, అది ఏ మొక్కైనా సరే, వదిలేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. మామిల్లేరియా లాంటి కొన్ని అసలైన కాక్టస్‌లకి కూడా పాలొస్తాయి, వాటినీ వదిలేయమనే నా సలహా.

కాక్టస్ కుటుంబంలో 1,500కు పైగా జాతులున్నాయి, తినడానికి పెద్ద ఎత్తున పండించేవి మాత్రం కొన్నే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒపన్షియా ఫికస్-ఇండికా, మనం నాగజెముడు అంటున్నది ఈ ఒపన్షియానే. పేరులో ఇండికా అని ఉన్నా అది పుట్టింది మెక్సికోలో. వేల ఏళ్ళుగా అక్కడివాళ్ళు ముళ్ళు తక్కువగా, కండ ఎక్కువగా ఉన్న మొక్కల్ని ఏరి ఏరి పెంచడం వల్ల ఇలా తయారైంది. వాళ్ళ జాతీయ చిహ్నంలో గద్ద నిలబడి ఉండేది కూడా ఈ జాతి మొక్క మీదే. దీని లేత పలకల్ని నోపాల్ అంటారు, కూరగా వండుతారు, పండుని ట్యూనా అంటారు. రెండోది డ్రాగన్ ఫ్రూట్, అది తీగలా పాకే కాక్టస్ పండు. బాగా పుల్లగా ఉండే షోకోనోష్ట్లే పండ్లు, అరిజోనా ఎడారిలో టొహోనో ఓధమ్ ప్రజలు పాకం తీసే సగువారో పండ్లు, ఎండబెట్టి వండుకునే చోయా మొగ్గలు కూడా ఉన్నాయి గానీ అవి పుట్టిన చోట తప్ప పెద్దగా దొరకవు.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. పెయోటీ, సాన్ పెడ్రో అనే కాక్టస్‌లలో మెస్కలిన్ అనే మత్తు పదార్థం ఉంటుంది, చాలా దేశాల్లో అది నిషేధం. సినిమాల్లో దాహంతో ఉన్న మనిషి గుండ్రటి కాక్టస్ తల నరికి నీళ్ళు తాగుతాడు చూడండి, దాన్ని అస్సలు నమ్మకండి. వాటిలో చాలా జాతుల రసం వాంతులు తెప్పిస్తుంది, ఉన్న నీరు కూడా ఒంట్లోంచి పోతుంది. ఆకలి తగ్గిస్తుందని ప్రచారమయ్యే హూడియా చూడ్డానికి కాక్టస్‌లా ఉంటుందే తప్ప కాక్టస్ కాదు. కలబంద కూడా కాదు.

ఇంకొక్క మాట. దారి పక్కన, ఖాళీ స్థలాల్లో పెరిగినవి కోసుకోకండి. కలుపుగా లెక్కేసి చాలాచోట్ల మందు కొడుతుంటారు, ఎప్పుడు కొట్టారో మనకి తెలియదు.

రెండో అడుగు: ఏ వయసులో, ఏ పూట కోయాలి

అందరం ఆకు అంటాం గానీ ఆ వెడల్పాటి పచ్చటి పలక నిజానికి కాండం. అసలు ఆకులు లేత పలక మీద కంటికి ఒకటి చొప్పున చిన్న కొమ్ముల్లా ఉంటాయి, పలక ముదిరేకొద్దీ రాలిపోతాయి. కూరకి కావాల్సింది సరిగ్గా ఆ చిన్న కొమ్ములు ఇంకా రాలని పలక. అరచేయంత, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, మెరిసే పచ్చ రంగు, వంచితే టప్పున విరగాలి. పుట్టిన మూడు నాలుగు వారాలకి ఇలా ఉంటుంది. అది దాటితే లోపల నార కడుతుంది, ఎంత ఉడికించినా పంటికింద పీచు తగులుతూనే ఉంటుంది.

ఏ పూట కోయాలన్నది నాకు చాలా ఇష్టమైన విషయం, ఎందుకంటే ఇందులో మొక్క బతికే తీరంతా కనపడుతుంది. చాలా మొక్కలు పగలు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఎడారిలో పగలు తెరిస్తే నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి కాక్టస్ రాత్రి తెరుస్తుంది, అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది, తెల్లారాక ఎండ వెలుతురుతో దాన్ని కొంచెం కొంచెంగా వాడుకుంటుంది. అంటే తెల్లవారుజామున కోసిన పలక పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నం కోసింది చప్పగా ఉంటుంది. ఒకే మొక్క, ఒకే రోజు, రెండు రుచులు! పులుపు నచ్చేవాళ్ళు పొద్దున్నే కోసుకోండి, నచ్చనివాళ్ళు ఎండెక్కాక కోసుకోండి. చేత్తో తెంపకుండా అడుగున అతుకు దగ్గర కత్తితో కోయండి.

పండు విషయంలో తేడా ఏమిటంటే, కోశాక అది మగ్గదు. అరటి పండులా ఇంట్లో పెట్టి పండిద్దాం అంటే కుదరదు, డ్రాగన్ ఫ్రూట్ కూడా అంతే. చెట్టు మీదే పూర్తిగా రంగు తిరగాలి. పువ్వు రాలిన చోట పైన ఉండే గుంట పండేకొద్దీ నిండి చదునుగా అవుతుంది, నూగు ముళ్ళు తేలిగ్గా రాలతాయి, అదే గుర్తు. మెలితిప్పి లాగితే అడుగున తోలు చినిగి అక్కణ్ణుంచే కుళ్ళు మొదలవుతుంది కాబట్టి కింది పలక ముక్క కొంచెం అంటుకుని ఉండేలా కోయడం మంచిది, రెండు మూడు రోజుల్లో ఆ ముక్క ఎండి దానంతటదే ఊడిపోతుంది.

మూడో అడుగు: ముళ్ళు

పెద్ద ముళ్ళ గురించి చెప్పాల్సిందేమీ లేదు, కత్తితో చెక్కేస్తే పోతాయి. నూగు ముళ్ళ సంగతే చూద్దాం. ఒక్కో కంటి దగ్గర పదుల కొద్దీ, వెంట్రుక కన్నా సన్నగా, చివర వెనక్కి తిరిగిన కొక్కేలతో ఉంటాయి. తగిలితే చాలు మొక్క నుంచి ఊడి మన చర్మంలో దిగుతాయి, కొక్కెం ఉంది కాబట్టి వెనక్కి రావు. ముళ్ళులేని నాగజెముడు అని అమ్మే రకాల్లో కూడా ఈ నూగు కొద్దో గొప్పో ఉంటుంది, మోసపోకండి.

నేను చేసే పద్ధతి ఇది. మందపాటి తోలు లేదా రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, గుడ్డ గ్లవ్స్ వద్దు, వాటిల్లో ముళ్ళు ఇరుక్కుని తర్వాత ఎప్పుడో గుచ్చుకుంటాయి. ఫ్యాన్ ఆపేయండి, గాలికి ఎగిరి కళ్ళల్లో పడగలవు. పొడవైన పటకారుతో పలకనో పండునో పట్టుకుని స్టవ్ మంట మీద అన్ని వైపులా తిప్పండి. నూగు చిటచిటమని కాలుతుంది, చిన్న నిప్పురవ్వలు కనపడతాయి, భయపడాల్సిందేం లేదు. ఒక్కో కంటి దగ్గర రెండు మూడు సెకన్లు చాలు. తర్వాత నీళ్ళున్న గిన్నెలో వేసి గట్టి బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కుళాయి కింద కడగండి. మొదటి గిన్నె నీళ్ళల్లో రాలిన ముళ్ళు తేలుతూ ఉంటాయి, అందులో చెయ్యి పెట్టకండి.

పలక అయితే ఇప్పుడు బల్ల మీద పెట్టి, అంచు చుట్టూ సన్నగా కోసేసి, మొదలు దగ్గర గట్టి భాగం ఒక అంగుళం తీసేసి, కత్తిని దాదాపు పడుకోబెట్టి కళ్ళన్నీ గీకేయండి. తోలంతా తీయాల్సిన పని లేదు, కళ్ళు పోతే చాలు. పండైతే ఫోర్కుతో గుచ్చి పట్టుకుని, రెండు కొనలు కోసి, పొడవుగా ఒక గాటు పెట్టి తోలు వెడల్పుగా విప్పండి, లోపలి గుజ్జు ముద్ద మొత్తంగా బయటికి వచ్చేస్తుంది, చేత్తో తోలుని ముట్టుకోవాల్సిన అవసరమే రాదు.

ఇంత చేసినా చేతిలో గుచ్చుకుంటే రుద్దకండి, నోటితో పీకే ప్రయత్నం అసలు చేయకండి, నాలుకలో దిగితే తీయడం నరకం. మంచి వెలుతురులో ట్వీజర్‌తో దొరికినన్ని తీసేసి, మిగిలిన చోట కాగితాలంటించే తెల్ల జిగురు పూసి, పైన గాయాలకి కట్టు కట్టే పలచటి జాలీ గుడ్డ అతికించి, పూర్తిగా ఆరాక ఒక్కసారిగా లాగండి. చాలావరకు వచ్చేస్తాయి. కంట్లో పడితే మాత్రం ఇంటి వైద్యం ఏదీ వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నాలుగో అడుగు: జిగురుతో సర్దుకుపోవడం

పలక కోయగానే బెండకాయలాంటి జిగురు సాగుతుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ జిగురే ఈ మొక్క ప్రాణం, నీటిని పట్టి ఉంచేది అదే, మన కడుపులో పిండిపదార్థం అరగడాన్ని నెమ్మదింపజేసేదీ అదే. కాబట్టి పూర్తిగా పోగొట్టాలని పంతం పట్టకండి, తినడానికి ఇబ్బంది లేనంత తగ్గిస్తే చాలు.

తేలికైన దారి, సన్నటి ముక్కలు కోసి వెడల్పాటి బాణలిలో నూనె, నీళ్ళు ఏమీ లేకుండా కొంచెం ఉప్పు వేసి మూత పెట్టకుండా వేయించడం. ముందు జిగురంతా బయటికి వచ్చి బాణలి నిండుతుంది, పాడైపోయిందేమో అనిపిస్తుంది, కంగారుపడకుండా కలుపుతూ ఉండండి, పది పదిహేను నిమిషాల్లో ఆ జిగురు ఇగిరిపోయి ముక్కలు విడివిడిగా అవుతాయి. మెరిసే పచ్చ రంగు పోయి కాస్త ముదురు ఆలివ్ రంగు వస్తుంది, ముక్కలోని పులుపు వేడికి పచ్చదనాన్ని అలా మారుస్తుంది, అంతే. అప్పుడు ఉల్లిపాయ, టమాటా, మిరపకాయ, గుడ్డు, ఏది వేసినా కలిసిపోతుంది. రెండో దారి, ఉప్పు వేసిన ఎక్కువ నీళ్ళల్లో పది నిమిషాలు ఉడికించి వార్చి చన్నీళ్ళతో కడగడం. జిగురు బాగా పోతుంది కానీ దాంతోపాటు సి విటమిన్ కూడా కొంత పోతుంది. ముక్కలు చేయకుండా పలకంతా గ్రిల్ మీద కాల్చుకోవడం మూడోది, నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం, జిగురు దాదాపు తెలియదు, పుల్లటి బీన్స్ రుచి వస్తుంది.

కోసిన పలకలు ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటాయి, ముక్కలు చేశాక మాత్రం రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ఐదో అడుగు: పండు, రసం, పులుపు లెక్క

పండు తీపికి కారణం గ్లూకోజ్, ఫ్రక్టోజ్. పులుపు దాదాపు ఉండదు. తినడానికి అది హాయే గానీ నిల్వ చేయాలంటే అదే పెద్ద చిక్కు. చాలా పండ్ల రసాలు సహజంగా పుల్లగా ఉంటాయి కాబట్టి ప్రమాదకరమైన బ్యాక్టీరియా వాటిలో పెరగదు. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నాగజెముడు రసం పీహెచ్ మామూలుగా 5కి పైనే ఉంటుంది. 4.6 కన్నా ఎక్కువ ఉన్న దేన్నైనా గాలి చొరకుండా సీసాలో మూసి బయట ఉంచితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది. రంగు మారదు, వాసన కూడా రాకపోవచ్చు. మామిడి రసం చేసినట్టే చేసేద్దాం అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఇలా చేయండి. గుజ్జు ముద్దల్ని చేత్తోనో గరిటెతోనో మెదిపి జల్లెడ పట్టండి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పకండి, గింజలు నలిగితే రసం ఇసకలా, కాస్త చేదుగా అవుతుంది, తిప్పాలంటే ఆపి ఆపి రెండు మూడు సార్లు చాలు. తర్వాత పలచటి బట్టలో మళ్ళీ వడకట్టండి, పొరపాటున ఒకటో రెండో నూగు ముళ్ళు మిగిలినా బట్టలో ఆగిపోతాయి. ఇప్పుడు గ్లాసు రసానికి ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలిపి పీహెచ్ స్ట్రిప్‌తో చూడండి, 4.2 లేదా అంతకన్నా తక్కువ వచ్చేదాకా కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్ళండి. అప్పుడు మరిగించి, వేడి చేసిన సీసాల్లో నింపి మూత బిగించాలి. స్ట్రిప్స్ లేకపోతే సీసా ఆలోచనే మానేసి ఐస్ ట్రేల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, నెలల తరబడి ఉంటుంది, ఏ టెన్షన్ లేదు. మామూలు ఫ్రిజ్‌లో అయితే మూడు రోజులు మించి ఉంచకండి.

రంగు గురించి చెప్పి తీరాలి. ద్రాక్ష, నేరేడు లాంటి వాటి రంగు ఆంథోసయనిన్. కాక్టస్‌లో అది ఉండదు, బీటలెయిన్ అనే వేరే జాతి రంగు ఉంటుంది, బీట్‌రూట్‌లో ఉన్నదే. ఎర్రటి పండులో బీటాసయనిన్, పసుపు పండులో బీటాక్సాంథిన్. దీని గొప్పతనం, పీహెచ్ 3 నుంచి 7 వరకు రంగు పెద్దగా మారదు, పాలల్లో కలిపినా నిమ్మరసంలో కలిపినా అదే గులాబీ. దీని బలహీనత వేడి. ఎక్కువసేపు మరిగిస్తే గోధుమ రంగులోకి దిగిపోతుంది. అందుకే జామ్ చేసేటప్పుడు నేను కొంచెం రసం పక్కన పెట్టుకుని చివర్లో కలిపి ఒక్క పొంగు రాగానే దింపేస్తాను, నిమ్మరసం ఆ రంగుని నిలబెట్టడానికి కూడా పనికొస్తుంది.

గింజలు మింగేయొచ్చా అని అడుగుతారు. ఒక్కో పండులో వందకి పైగా ఉంటాయి, గట్టిగా ఉంటాయి, కొన్ని మింగితే ఏమీ కాదు. కానీ ఒకే పూట చాలా పండ్లు గింజలతో సహా తిన్నవాళ్ళకి అవి పేగుల్లో గడ్డకట్టి, మలం ఆగిపోయి ఆసుపత్రిలో చేరిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పిల్లలకి, మలబద్ధకం ఉన్నవాళ్ళకి వడకట్టిన రసమే ఇవ్వండి. డ్రాగన్ ఫ్రూట్ గింజలకి ఈ భయం లేదు, అవి నువ్వుల్లా మెత్తగా ఉంటాయి.

ఆరోగ్యానికి ఎంతవరకు

100 గ్రాముల పచ్చి పలకలో దాదాపు 16 కేలరీలే ఉంటాయి, పీచు 2 గ్రాముల పైన, కాల్షియం 164 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 52 మిల్లీగ్రాములు. పండులో 41 కేలరీలు, పీచు మూడున్నర గ్రాములు, మెగ్నీషియం 85 మిల్లీగ్రాములు, సి విటమిన్ 14 మిల్లీగ్రాములు. కాల్షియం అంకె చూసి పాలకి బదులు ఇదే అని రాసేవాళ్ళున్నారు, ఆ మాట నిజం కాదు. పలకలోని కాల్షియంలో ఎక్కువ భాగం ఆక్సలేట్‌గా ఉంటుంది, దాన్ని ఒళ్ళు సరిగ్గా పీల్చుకోలేదు. అదే కారణంగా కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు దీన్ని రోజూ తినకపోవడమే మేలు.

షుగర్ విషయానికొస్తే, ఇక్కడ కొంత నిజమైన ఆధారం ఉంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్ళకి పిండిపదార్థం ఎక్కువున్న టిఫిన్‌తో పాటు ఆవిరి మీద ఉడికించిన నోపాల్ 300 గ్రాములు పెడితే, తిన్న తర్వాత పెరిగే షుగర్, ఇన్సులిన్ రెండూ తగ్గాయి. బాగుంది. కానీ గమనించండి, 300 గ్రాములు, అంటే పళ్ళెం నిండా కూర, అదీ భోజనంతో పాటు. ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళు కొద్దిమందే, కొలిచింది ఆ పూట షుగర్‌నే. రోజుకి ఒక చిన్న క్యాప్సూల్ వేసుకుంటే ఏళ్ళ తరబడి షుగర్ అదుపులో ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం, చెప్పేవాళ్ళని నమ్మొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, షుగర్ మందులు వేసుకుంటూ దీన్ని కూడా బాగా తింటే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు, కాబట్టి మీ డాక్టర్‌కి చెప్పి, మీటర్‌తో చూసుకుంటూ తినండి. మందు మానేసి దీని మీద ఆధారపడడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, నేను ఎవరినైనా బతిమాలి చెప్పేది ఇదొక్కటే.

కొలెస్ట్రాల్ కొంత తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, అందులో జిగురు పీచుదే ముఖ్యపాత్ర, ఓట్స్ ఎలా పనిచేస్తాయో ఇదీ అలాగే. 2004లో 64 మంది యువతీయువకుల మీద చేసిన ఒక ప్రయోగంలో మద్యం తాగడానికి ఐదు గంటల ముందు నాగజెముడు సారం ఇస్తే మర్నాటి వికారం, నోరెండడం, ఆకలి లేకపోవడం తగ్గాయి. దాన్ని పట్టుకుని హ్యాంగోవర్ మందులు అమ్ముతున్నారు. లివర్‌ని కాపాడుతుందని మాత్రం ఆ ప్రయోగం చెప్పలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం అరకప్పు వండిన కూరతో సరిపెట్టుకోండి, లేకపోతే కడుపుబ్బరం, విరేచనాలు రావచ్చు. ఎర్రటి పండు ఎక్కువ తిన్న మర్నాడు మూత్రం గులాబీ రంగులో వస్తే హడలిపోకండి, అది పండు రంగే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూర తినొచ్చు గానీ సారాలు, పొడులు, మాత్రల జోలికి వెళ్ళొద్దు.

ఆహార పరిశ్రమలో ఎక్కడెక్కడ

మనకి తెలియకుండానే కాక్టస్‌తో సంబంధమున్న పదార్థం మనలో చాలామంది తినే ఉంటారు. నాగజెముడు మీద బతికే కోచినీల్ అనే చిన్న పురుగుని ఎండబెట్టి కార్మైన్ అనే ముదురు ఎరుపు రంగు తీస్తారు. కిలో ఎండు పురుగులకి సుమారు లక్షన్నర పురుగులు కావాలి. పెరూ దీనికి పెద్ద ఉత్పత్తిదారు. యోగర్ట్, చాక్లెట్లు, మాంసం ఉత్పత్తులు, లిప్‌స్టిక్ దాకా వాడతారు, లేబుల్ మీద ఈ120 అని ఉంటే ఇదే. వేడికీ వెలుతురుకీ చెక్కుచెదరదు, అందుకే పరిశ్రమకి అంత ఇష్టం. కానీ శాకాహారులు ఇది తెలుసుకుని తీరాలి, కొద్దిమందికి తీవ్రమైన అలర్జీ కూడా వస్తుంది. అమెరికాలో 2011 నుంచి దీని పేరు లేబుల్ మీద స్పష్టంగా రాయాలనే నిబంధన ఉంది.

పురుగు వద్దనుకునేవాళ్ళకి పండు రంగే ప్రత్యామ్నాయం. బీట్‌రూట్ రంగులో మట్టి వాసన వస్తుంది, నాగజెముడు పండు రంగులో రాదు, ఐస్‌క్రీమ్, పాల పానీయాలు, చల్లటి డెజర్ట్‌లకి చక్కగా సరిపోతుంది. డ్రాగన్ ఫ్రూట్ తొక్కలో కూడా ఈ రంగు దండిగా ఉంటుంది, జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ కూడా ఉంటుంది, అంటే జామ్ చేసి తొక్క పారేసేవాళ్ళు సగం సరుకు పారేస్తున్నట్టే లెక్క.

జిగురుకి బోలెడు వాడకాలున్నాయి. చిక్కదనానికి, నూనె నీరు విడిపోకుండా పట్టి ఉంచడానికి, కొవ్వు తగ్గించిన పదార్థాల్లో నునుపు కోసం వాడొచ్చు. పండ్ల మీద పలచటి తినదగ్గ పూతగా పూస్తే నీరు ఆవిరవడం తగ్గుతుంది, స్ట్రాబెర్రీల మీద చేసిన ప్రయోగాల్లో అవి ఎక్కువ రోజులు గట్టిగా ఉన్నాయి. పలకల పొడిని రొట్టెలు, బిస్కెట్లు, నూడుల్స్‌లో పీచు కోసం కలుపుతారు. ఇంట్లో చేసుకోవాలంటే శుభ్రం చేసిన పలకని సన్నగా తరిగి 60 డిగ్రీలు దాటని వేడిలో పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి పొడి చేయండి, పిండిలో నూటికి ఐదు పాళ్ళతో మొదలుపెట్టండి. పదికి మించితే పచ్చి వాసన వస్తుంది, ముద్ద బిగుసుకుపోతుంది, పొడి నీళ్ళు బాగా పీలుస్తుంది కాబట్టి కాస్త ఎక్కువ నీళ్ళు పోయాలి.

గింజల నూనెలో సగానికి పైగా లినోలీయిక్ అనే కొవ్వు ఆమ్లమే, మంచి నూనే గానీ గింజలో నూనె శాతం చాలా తక్కువ, తీయడం ఖర్చు, అందుకే అది వంటింటికి కాకుండా సౌందర్య సాధనాల వైపు వెళ్తోంది. ఇక పాకాలు, జామ్‌లు, క్యాండీలు, పులియబెట్టిన పానీయాలు ఎలాగూ ఉన్నాయి. మెక్సికోలో గుండ్రటి బిజ్నాగా కాక్టస్ లోపలి కండతో అసిత్రోన్ అనే మిఠాయి చేసేవాళ్ళు, ఆ మొక్క పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, మిఠాయి కోసం నరికి నరికి అంతరించే దశకి తెచ్చారు, ఇప్పుడు దాన్ని అడవిలో కోయడం నిషేధం. చిన్న వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళు ఏడాది తిరక్కుండా మళ్ళీ చిగురించే నాగజెముడునే నమ్ముకోవాలని నేననడానికి కారణం ఇదే.

సొంతంగా పెంచుకోవాలంటే

నాటే ముందు మీ దేశంలో ఏ జాతికి అనుమతి ఉందో చూసుకోండి. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు ఇది సుమారు 2.4 కోట్ల హెక్టార్లు ఆక్రమించింది, 1926లో అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మటని వదిలితే దాని పురుగులు తినేసి నేల విడిపించాయి. ఇప్పటికీ అక్కడ చాలా ఒపన్షియా జాతులు పెంచడం నిషేధం. అదే మొక్క 2015లో మడగాస్కర్ కరువులో మనుషులకీ పశువులకీ తిండి, నీరు అయింది.

ఏడాది వయసున్న ఆరోగ్యమైన పలకని కోసి, నీడలో పది పదిహేను రోజులు ఆరనివ్వండి, కోసిన చోట గట్టి పొర కట్టాలి, లేకపోతే మట్టిలో పెట్టగానే కుళ్ళుతుంది. నీరు నిలవని ఇసక మట్టిలో సగం లోతు పాతండి. మొదటి వారం నీళ్ళు పోయకండి. వేరు పట్టాక కూడా మట్టి పూర్తిగా ఎండితేనే పోయాలి. మొదటి ఏడాది లేత పలకలు కనపడ్డా కోయకుండా మొక్కని ఎదగనివ్వండి, పండ్లకి రెండు మూడేళ్ళు పడుతుంది. పలకల మీద తెల్లటి దూదిలాంటి మచ్చలు కనపడితే పుల్లతో నలిపి చూడండి, ఎర్రగా రక్తంలా వస్తే అది కోచినీల్ జాతి పురుగే, చూసిన రోజే నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి కడిగేయండి, బాగా పట్టిన పలకల్ని కోసి సంచిలో మూసి పారేయండి.